నాన్న మచ్చలకీ చెల్లి పెళ్ళికీ ముడిపెట్టకండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకి 57 ఏళ్ళు. కొబ్బరితోట, కాస్త జీడితోట ఉన్నాయి. ఆరేడేళ్ళుగా నడుం చుట్టూ, పిరుదుల మీద, తొడల మీద మచ్చలు. తామర అనుకుని మందుల షాపులో ఇచ్చిన ట్యూబులు రాశాం. తగ్గేవి, మళ్ళీ వచ్చేవి. మధ్యలో కుష్ఠేమోనని కూడా అన్నారు. చివరికి విశాఖపట్నంలో చర్మం ముక్క తీసి పరీక్ష చేస్తే 'మైకోసిస్ ఫంగాయిడిస్' అని తేలింది. చర్మంలో వచ్చే లింఫోమా అట, అదొక రకం క్యాన్సర్ అట, మొదటి దశలోనే ఉందట. కానీ కీమో ఇవ్వరట, లైట్ పెడతారట. నాకు నమ్మకం కుదరడం లేదు. పైగా ఆ ముక్కా, కొంత రక్తం పరిశోధనకి వాడుకుంటాం, జన్యువులు చూస్తాం అని ఫారం ఇచ్చి సంతకం అడిగారు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం వచ్చి రక్తం తీసుకెళ్ళినవాళ్ళే తప్ప, తిరిగొచ్చి ఏం తేలిందో చెప్పినవాళ్ళు తక్కువ. ఇంకో సంగతి. చెల్లిని మా మేనత్త కొడుక్కి ఇవ్వాలని మాట అయిపోయింది. జన్యువుల జబ్బని ఎవరో చెప్పేసరికి అత్త వెనక్కి తగ్గుతోంది. ఇది వంశంలోంచి వచ్చిందా, జీడిపిక్కల పని వల్ల వచ్చిందా? సంతకం పెట్టాలా? చెల్లి పెళ్ళి ఏం చేయాలి?
– ఒక అక్క, సోంపేట మండలం

సమాధానం:

అమ్మా, ముందు పెళ్ళి సంగతి చెప్పేస్తాను. ఉత్తరంలో చివర రాసినా, మీ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టనివ్వనిది అదేనని తెలుస్తూనే ఉంది. నాన్నగారికి ఈ జబ్బు ఉందని మీ చెల్లి పెళ్ళి ఆపాల్సిన పని లేదు. ఇది అంటుకునేది కాదు. ఆయనతో కలిసి తిన్నా, ఆయన తువ్వాలు వాడినా, మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా ఎవరికీ రాదు. తండ్రి నుంచి బిడ్డకి దిగే జబ్బూ కాదు.

మరి డాక్టర్లు జన్యువులు చూస్తాం అంటున్నారు కదా అని మీ అత్తగారు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఆవిడకి చెప్పాల్సింది మీరే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. అందులో సుమారు 20,000 జన్యువులు. అమ్మానాన్నల నుంచి ఒక లోపం మనకి వస్తే అది పుట్టుకతోనే ఒళ్ళంతా, ప్రతి కణంలోనూ ఉంటుంది. మన పిల్లలకీ వెళ్ళే అవకాశం ఉంటుంది. ఇంకో రకం మార్పులున్నాయి. మనిషి పుట్టి, పెరిగి, యాభై ఏళ్ళు వచ్చాక ఎక్కడో ఒక్క కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఆ కణం విభజన అవుతూ పోతే ఆ దెబ్బ దాని పిల్లకణాలకు వెళుతుంది తప్ప, పక్కనున్న మంచి కణాలకు వెళ్ళదు. క్యాన్సర్లలో చాలా మటుకు ఈ రెండో రకానివే. తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపం వల్ల కలిగేవి మొత్తం క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి దారితీసే బీఆర్‌సీఏ1 అనే జన్యువు సంగతి మీరు వినే ఉంటారు, 1994లో దాన్ని గుర్తించారు. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా కూడా కొన్ని కుటుంబాల్లో అలా దిగుతుంది. మైకోసిస్ ఫంగాయిడిస్ ఆ జాబితాలోది కాదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో లేకపోలేదు. అవి అరుదు కాబట్టే పత్రికలకి ఎక్కాయి.

నాన్నగారి విషయంలో దెబ్బతిన్నది టీ-కణం. ఇది తెల్ల రక్తకణాల్లో ఒక రకం, రోగాల నుంచి కాపాడేది. కొన్ని టీ-కణాలు చర్మంలోనే కాపురం ఉంటాయి. వీటికి ఒక విశేషం ఉంది. ప్రతి టీ-కణం తయారయ్యేటప్పుడు తన డీఎన్‌ఏలో ఒక చిన్న భాగాన్ని కత్తిరించి, తనకు మాత్రమే ఉండే వరసలో మళ్ళీ అతుక్కుంటుంది. అందుకని మామూలు దురదా, ఎగ్జిమా ఉన్న చర్మంలో చూస్తే రకరకాల వరసలున్న టీ-కణాలు కనిపిస్తాయి. లింఫోమా మచ్చలో చూస్తే ఎక్కువ భాగం ఒకే వరసతో ఉంటాయి. అంటే అన్నీ ఒకే కణం సంతానం అన్నమాట. బయాప్సీ ముక్క మీద చేసే జన్యు పరీక్షల్లో ఒకటి ఇదే. ఇందులో మీ వంశం ప్రసక్తి లేదు. ఆ మచ్చలోని కణాలు ఒక్కదాని నుంచి పుట్టాయా లేదా అన్నదే చూస్తారు.

మీరూ మీ చెల్లీ పుట్టి ఎన్నో ఏళ్ళయ్యాక నాన్న నడుం దగ్గర చర్మంలో జరిగిన మార్పు మీ ఇద్దరి ఒంట్లోకి ఎలా వస్తుంది? పిల్లలకి వెళ్ళేది వీర్యకణంలో, అండంలో ఉన్న డీఎన్‌ఏ మాత్రమే.

ఇంకో మాట కూడా మీ అత్తగారితో నెమ్మదిగా అనండి, నొప్పించేలా కాదు. ఆవిడ మీ నాన్నగారి తోబుట్టువు. ఈ జబ్బు నిజంగా వంశంలోదే అయితే అది ఆవిడ పుట్టింటి వంశమే. ఆవిడ కొడుకులోనూ ఆ రక్తమే ఉంది. మీ చెల్లిని వద్దనుకున్నంత మాత్రాన తప్పించుకునేది ఏముంటుంది?

అయితే మేనరికం గురించి వేరే సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. దానికీ ఈ లింఫోమాకీ సంబంధం లేదు. మేనత్త, మేనమామ పిల్లలు తమ జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఒకరితో ఒకరు పంచుకుంటారు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే, అది బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. మామూలు దంపతులకి పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. రెండు కుటుంబాల్లో పుట్టు చెవుడు, తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులు, పసితనంలోనే కారణం తెలియకుండా పోయిన పిల్లలు, ఇలాంటివి ఉన్నాయేమో పెద్దవాళ్ళని అడగండి. ఉంటే పెళ్ళికి ముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరుని కలవడం మంచిది. మీ చెల్లీ బావా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. నిర్ణయం వాళ్ళిద్దరిది.

ఇక జబ్బు పేరు. అందులో 'ఫంగ' అని ఉంది కాబట్టి ఇదేదో ముదిరిన తామర అని మీ ఇంట్లో అనుకుంటున్నారేమో. కాదు. 1806లో పారిస్‌లో ఆలిబెర్ అనే చర్మవైద్యుడు ఈ జబ్బు బాగా ముదిరిన ఒక రోగిని చూశాడు. ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించడంతో ఆ పేరు పెట్టాడు. ఫంగస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

మీరు ట్యూబులు రాశాం అన్నారు. అది చదివి నాకు బాధ కలిగింది, కానీ ఆశ్చర్యం కలగలేదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ మందుల షాపుకి వెళ్ళి దురద అన్నా, స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెట్టడం మామూలైపోయింది. తామరకి అది నష్టమే చేస్తుంది. ఇలాంటి జబ్బుకైతే ఇంకో రకంగా మోసం చేస్తుంది. స్టెరాయిడ్‌కి ఈ మచ్చలు నిజంగానే కొంత తగ్గుతాయి. తగ్గాయి కదా అని మనం ఊరుకుంటాం. కణాలు కాస్త అణిగి ఉండటం వల్ల ఆ సమయంలో ముక్క తీసినా బయాప్సీలో జబ్బు స్పష్టంగా దొరకదు. అందుకే పరీక్షకి ముందు కొన్ని వారాలు ట్యూబు ఆపమంటారు, ఒకటికి రెండుసార్లు ముక్క తీస్తారు. మీరు ఆలస్యం చేశామని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఐరోపాతో సహా పలు దేశాల రోగుల్ని కలిపి చూసిన అధ్యయనంలోనూ మొదటి మచ్చ కనిపించడానికీ జబ్బు పేరు తేలడానికీ మధ్య సుమారు మూడేళ్ళు పట్టింది. డాక్టర్లకే దొరకకుండా తిప్పే జబ్బు ఇది.

కుష్ఠు అనుమానించినవాళ్ళనీ తప్పు పట్టలేం. మన చాయ ఉన్నవాళ్ళలో ఈ లింఫోమా ఒక్కోసారి ఎర్రగా కాకుండా తెల్లబారిన మచ్చలుగా వస్తుంది. మన ఉత్తరాంధ్రలో కుష్ఠు ఎంత పాతదంటే, సాలూరులో దాని కోసమే మిషన్ ఆసుపత్రి తరాలుగా పనిచేస్తోంది. తెల్లమచ్చ చూడగానే ఆ ఆలోచన రావడం సహజం, రావాలి కూడా. తేడా ఎక్కడంటే, కుష్ఠు మచ్చలో మామూలుగా స్పర్శ తగ్గుతుంది, వేడీ చల్లనా తెలియవు. లింఫోమా మచ్చలో స్పర్శ ఉంటుంది, దురద కూడా ఉండవచ్చు. చివరి మాట మాత్రం బయాప్సీదే. ఊళ్ళో ఎవరైనా ఆ పేరుతో నాన్నగారిని దూరం పెడుతుంటే ఆ భయానికి ఆధారం లేదని గట్టిగా చెప్పండి. అసలు కుష్ఠు వచ్చినవాళ్ళని కూడా అలా దూరం పెట్టకూడదు. దానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులతో నయమవుతుంది.

జీడి సంగతి. పిక్క పెంకులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పలాస బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతులు చూస్తే చాలు. కానీ ఆ కాలిన మచ్చలు నూనె తగిలిన చోటే, ఎక్కువగా చేతుల మీద వస్తాయి. నాన్నగారి మచ్చలు ఎండ తగలని, బట్ట కప్పి ఉండే చోట్ల మొదలయ్యాయని మీరే రాశారు. ఈ లింఫోమా ఎక్కువగా మొదలయ్యేది అలాంటి చోట్లే. జీడినూనె దీనికి కారణమని రుజువు లేదు. ఆ పని చేశానని ఆయన కుమిలిపోనక్కర్లేదు. చేతులకి తొడుగులు వేసుకోవడం మాత్రం ఎలాగూ మంచిదే.

కీమో ఎందుకు ఇవ్వడం లేదన్నది మీ పెద్ద టెన్షన్. క్యాన్సర్ అనగానే కీమో అని మనకి మనసులో పడిపోయింది కాబట్టి, లైట్ పెడతాం అంటే చిన్నచూపు చూస్తున్నారేమో అనిపిస్తుంది. నిజానికి మీ డాక్టర్లు సరైన దారిలోనే ఉన్నారు. ఈ ప్రశ్నని అమెరికాలో జాతీయ క్యాన్సర్ సంస్థ వాళ్ళు నేరుగా పరీక్షించి చూశారు. ఇదే జబ్బున్న 103 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మొదటి నుంచే గట్టి కీమోతోపాటు ఒళ్ళంతా చర్మానికి రేడియేషన్ ఇచ్చారు. రెండో గుంపుకి చర్మం మీద పనిచేసే వైద్యంతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోయారు. 1989లో ఫలితాలు వచ్చాయి. గట్టి వైద్యం తీసుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికిందేమీ లేదు, బాధలు మాత్రం ఎక్కువ పడ్డారు. అప్పటి నుంచీ మొదటి దశలో చర్మానికే వైద్యం చేస్తున్నారు. డాక్టరు రాసిచ్చిన పూత మందు, లేదా నారోబ్యాండ్ యూవీబీ అనే లైట్. బొల్లికీ సోరియాసిస్‌కీ పెట్టే లైటే ఇదీ. ఎండలో కూర్చుంటే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. అందులో కావలసిన కిరణాలతోపాటు అక్కర్లేనివీ ఉంటాయి, మోతాదు ఎవరి చేతిలోనూ ఉండదు.

మచ్చలు ఒంటి మీద నూటికి పది వంతుల కంటే తక్కువ చోటు ఉంటే, అలాంటివాళ్ళ ఆయుష్షు అదే వయసు మామూలు మనుషులతో ఇంచుమించు సమానంగానే ఉంటుంది. లెక్క మీరే వేసుకోవచ్చు, నాన్నగారి అరచెయ్యి వేళ్ళతో సహా ఆ నూటిలో సుమారు ఒక వంతు. పూర్తిగా పోయి మళ్ళీ రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. చాలామంది దీన్ని బీపీ, షుగరులా అదుపులో పెట్టుకుంటూ ముసలితనం దాకా బతుకుతారు.

లైట్ వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి పెట్టించుకోవాలి. సోంపేట నుంచి విశాఖకి అన్నిసార్లు తిరగడం అయ్యే పని కాదు. తిరగలేక మధ్యలో మానేస్తారనే నా దిగులంతా. కాబట్టి మొదటి రోజే అడగండి: శ్రీకాకుళంలో ఈ లైట్ ఎక్కడుంది, అక్కడ పెట్టించుకుని రెండు మూడు నెలలకోసారి మీ దగ్గరికి రావచ్చా అని. ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో రేషన్ కార్డు, ఆధార్ చూపించి ఏ భాగం వర్తిస్తుందో ముందే రాయించుకోండి. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బయాప్సీ స్లైడ్లూ, ఆ ముక్కని భద్రపరిచిన మైనపు దిమ్మా అడిగి తీసుకెళ్ళండి, మళ్ళీ ముక్క తీయించుకునే పని తప్పుతుంది.

ఇప్పుడు సంతకం. మీ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉద్దానం మనుషులు ఎన్నో బృందాలకి రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, బావుల నీళ్ళు తోడి ఇచ్చారు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ వచ్చాయి, కానీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఇచ్చినవాళ్ళకి ఏం తెలిసింది, ఏం తెలియలేదు అని చెప్పడం పరిశోధకుల బాధ్యత. మీకు దక్కాల్సిన ఆ మర్యాద దక్కలేదంటే మీ కోపం న్యాయమైనదే.

అయినా నా సలహా, సంతకం పెట్టమనే. ఎందుకో చెబుతాను.

ఈ జబ్బు అరుదు. అమెరికా లెక్కల్లో చర్మపు టీ-కణ లింఫోమాలన్నీ కలిపినా ఏడాదికి పది లక్షల మందిలో ఆరుగురికి అటూ ఇటూగా వస్తాయి. ఇలాంటి జబ్బులో ఒక్కొక్క రోగి ఇచ్చిన ముక్కకీ విలువ ఎక్కువ. 1980లో రాబర్ట్ గాలో బృందం మనిషిలో క్యాన్సర్ తెచ్చే మొదటి రెట్రోవైరస్‌ని (తన జన్యువుల్ని మన కణాల డీఎన్‌ఏలో కలిపేసే వైరస్‌ని) కనుక్కుంది. అది దొరికింది చర్మపు టీ-కణ లింఫోమా అని నిర్ధారణ అయిన ఒక రోగి కణాల్లోనే. ఆ వైరస్ తెచ్చే జబ్బు వేరు, నాన్నగారిది వేరు, కంగారు పడకండి. ఆ పనిలో నేర్చుకున్న పద్ధతులే మూడేళ్ళ తర్వాత ఎయిడ్స్ వైరస్‌ని పట్టుకోవడానికి పనికొచ్చాయి. ఒక మనిషి చర్మవ్యాధి నుంచి అంత దూరం దారి పడింది.

2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చర్మపు టీ-కణ లింఫోమా రక్తంలోకి కూడా పాకిన రోగుల కణాల డీఎన్‌ఏ చదివారు. 17 జన్యువుల్లో మార్పులకి ఇందులో పాత్ర ఉందని తేల్చారు. అందులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. డీఎన్‌ఏని ఒక పుస్తకం అనుకుంటే, చాలా క్యాన్సర్లలో మనం వెతికేది అచ్చుతప్పులని. ఈ జబ్బులో అచ్చుతప్పులు తక్కువ. పేజీలకి పేజీలు చిరిగిపోవడం, కొన్ని పేజీలు రెండేసిసార్లు కుట్టేయడం ఎక్కువ. జబ్బుని నడిపే మార్పుల్లో నూటికి 92 అలాంటివే. కేవలం అక్షరాలు చూసే పరీక్ష చేస్తే అసలు కథ తప్పిపోతుందన్నమాట. మొగమూలిజుమాబ్ అనే మందు ఈ కణాల పైన ఉండే ఒక గుర్తుని పట్టుకుని వాటిని తీసేస్తుంది. దానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. నాన్నగారికి ఇప్పుడు ఆ మందుతో పని లేదు. కానీ జబ్బు ముదిరిన ఇంకొకరికి ఆ దారి ఉండటానికి ఎవరో సంతకం పెట్టారు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్ళ మీద జరిగినవి. మనలో తెల్లమచ్చలుగా వచ్చే రకం గురించి తెలియాలంటే మన మనుషుల ముక్కలే చూడాలి.

చర్మంతోపాటు రక్తం ఎందుకని మీకు అనుమానం రావచ్చు. జబ్బు కణంలో ఉన్న మార్పు పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా అని తేల్చడానికి ఆయనదే మంచి కణం ఒకటి పక్కన పెట్టి పోల్చాలి. అందుకే రక్తం.

సంతకానికి ముందు మాత్రం కొన్ని అడగండి. భయపడుతూ కాదు, హక్కుగా అడగండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం ఆ కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంగ్లీషు ఫారం ఇస్తే తెలుగుది అడగండి. నాన్నగారికి చదవడం ఇబ్బందైతే చదివి వినిపించమనండి. సంతకం పెట్టాల్సింది ఆయన, మీరు కాదు. ఆయన కాదంటే వైద్యంలో ఏ తేడా రాకూడదు. ఒప్పుకున్నాక మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, పేరు తీసేసి నంబరుతో దాస్తారా, మిగిలిన ముక్కని వేరే పరిశోధనకి వాడతారా, బయటి సంస్థలకి పంపుతారా, అన్నీ అడగండి. ముఖ్యంగా ఇంకొకటి: రక్తంలోని మంచి కణాలు చదివేటప్పుడు, ఈ జబ్బుతో సంబంధం లేని వంశపారంపర్య లోపం ఏదైనా కనబడితే మాకు చెబుతారా అని. చెప్పాలని కోరుకునే హక్కూ, వద్దనే హక్కూ నాన్నగారివే. ఏడాదికోసారైనా ఏం తేలిందో చెప్పే మనిషి పేరూ ఫోన్ నంబరూ ఫారం మీద రాయించుకోండి. ఉద్దానంలో జరగనిది ఇక్కడ జరిగేలా అడగడం మీ చేతుల్లో ఉంది. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే పేద నల్లజాతి తల్లి క్యాన్సర్ కణాలు ఆమెకి తెలియకుండానే తీసి వాడుకున్నారు. ఇప్పుడు మిమ్మల్ని ఫారం మీద సంతకం అడుగుతున్నారంటే, అలాంటివి మళ్ళీ జరగకూడదని పట్టుబట్టినవాళ్ళ వల్లే.

ఈలోగా ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకి చూపించండి, ఆయన రాసింది తప్ప ఏదీ పూయకండి. స్నానం తర్వాత కొబ్బరినూనె రాయవచ్చు, దురదకి మంచిది. నెలకోసారి అదే వెలుతురులో మచ్చల ఫొటోలు తీసి పెట్టుకోండి. మచ్చ గడ్డలా లేచినా, పుండు పడినా, చీము పట్టి జ్వరం వచ్చినా, గజ్జల్లో చంకల్లో బిళ్ళలు కట్టినా, ఒళ్ళంతా ఎర్రబడినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఈసారి విశాఖ వెళ్ళేటప్పుడు మీ అత్తగారినీ తీసుకెళ్ళండి. ఇది పిల్లలకి వస్తుందా అని ఆవిడ్నే డాక్టరుని అడగనివ్వండి.